డ్రూల్స్‌లో ఎక్స్‌పైర్స్ పెట్టినా ఈవెంట్లు మెమొరీలోంచి పోవట్లేదు

ప్రశ్న

సెన్సర్ రీడింగ్‌లను డ్రూల్స్ (జావా రూల్ ఇంజిన్) సెషన్‌లోకి ఇన్సర్ట్ చేస్తున్నాను. డిక్లేర్ బ్లాక్‌లో రోల్‌ను ఈవెంట్ అనీ, ఎక్స్‌పైర్స్‌ను (ఈవెంట్ సెషన్‌లో ఉండే గడువు) 30 నిమిషాలనీ రాశాను. టైమ్‌స్టాంప్‌కి రీడింగ్‌లోని లాంగ్ ఫీల్డ్‌నే చూపించాను. రూల్ ఒక్కటే: ఒక రీడింగ్ తర్వాత 10 నిమిషాల్లోపు అదే సెన్సర్ నుంచి అంతకంటే ఎక్కువ రీడింగ్ వస్తే అలారం. రూల్ బాగానే ఫైర్ అవుతోంది. ఫ్యాక్ట్ కౌంట్ (సెషన్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌ల సంఖ్య) మాత్రం గంటలు గడిచినా పెరుగుతూనే ఉంది, హీప్ (జావా మెమొరీ) నిండిపోతోంది. ఏం మిస్సయ్యాను?

జవాబు 1

కేబేస్ (రూల్స్ ఉండే నాలెడ్జ్ బేస్) ఏ మోడ్‌లో ఉందో ముందు చూడండి. ఏమీ చెప్పకపోతే డ్రూల్స్ క్లౌడ్ మోడ్ తీసుకుంటుంది. అందులో "ఇప్పుడు" అనే భావనే లేదు, కాబట్టి గడువు లెక్కా ఉండదు. ఈవెంట్లను మీరే డిలీట్ చేసుకోవాలి. ఆఫ్టర్, బిఫోర్ లాంటి ఆపరేటర్లు క్లౌడ్‌లోనూ పనిచేస్తాయి, అందుకే రూల్ ఫైర్ అవుతున్నా తేడా తెలియలేదు.

కేమాడ్యూల్ ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్‌లో కేబేస్ ట్యాగ్‌కి ఈవెంట్ ప్రాసెసింగ్ మోడ్‌ను స్ట్రీమ్ (గడువు లెక్క ఉండే మోడ్) అని పెట్టండి. కోడ్‌లో కట్టుకుంటుంటే కేబేస్ కాన్ఫిగరేషన్‌కి అదే ఆప్షన్ ఇవ్వాలి.

ఇంకోటి. ఫైర్ ఆల్ రూల్స్ వాడుతుంటే, గడువు తీరిన ఈవెంట్ల తొలగింపు క్యూలో ఉండి, మళ్లీ ఫైర్ పిలిచినప్పుడు జరుగుతుంది. అరగంటకోసారి పిలిస్తే అరగంట చెత్త పేరుకున్నట్టే. ఆపమనేదాకా నడుస్తూనే ఉండే ఫైర్ అంటిల్ హాల్ట్‌తో ఈ గొడవ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

స్ట్రీమ్ పెట్టాను. ఇప్పుడు కథ తిరగబడింది! ఇన్సర్ట్ చేసిన వెంటనే ఈవెంట్ పోతోంది, అలారం అసలు రావట్లేదు.

జవాబు 2

మీ లాంగ్ ఫీల్డ్‌లో ఉన్నది సెకన్లు అయ్యుండాలి. ఇంజిన్ దాన్ని 1970 మొదలు నుంచి గడిచిన మిల్లీసెకన్లుగా చదువుతుంది, అంటే ఈ రోజు వచ్చిన రీడింగ్ దానికి 1970 జనవరిలోది. గడువు లెక్క టైమ్‌స్టాంప్ + డ్యురేషన్ (ఈవెంట్ నిడివి) + ఎక్స్‌పైర్స్. అది ఎప్పుడో దాటిపోయింది కనుక తక్షణం తీసేస్తోంది. విలువను 1000తో గుణించి ఇవ్వండి.

అన్నట్టు, ఇంతకుముందు రూల్ "బాగానే" ఫైర్ అయ్యిందన్నారు కదా, అది కూడా నమ్మకండి. 10 నిమిషాలంటే 6,00,000 మిల్లీసెకన్లు. మీ విలువలు సెకన్లు కాబట్టి అది 6,00,000 సెకన్ల కిటికీ (జత కోసం చూసే వ్యవధి) అయింది, దాదాపు 7 రోజులు. పాత అలారాల్లో చాలావరకు తప్పుడువే అయ్యుంటాయి.

ఎక్స్‌పైర్స్‌లోనూ ఇదే ఉచ్చు ఉంది. యూనిట్ లేకుండా 30 అని రాస్తే 30 మిల్లీసెకన్లే.

జవాబు 3

గడువు విలువ ఎంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. రూల్‌లోని కిటికీ కంటే ఎక్స్‌పైర్స్ తక్కువైతే జత కుదరకముందే మొదటి ఈవెంట్ పోతుంది, ఎర్రర్ ఏమీ రాదు. అసలు ఎక్స్‌పైర్స్ రాయకపోతే, ఆ రకాన్ని వాడే రూల్స్ అన్నిటిలోకీ పొడవైన కిటికీని బట్టి ఇంజినే లెక్కగడుతుంది. మీ ఒక్క రూల్‌కి అది చాలు. కానీ రేపు ఎవరో 1 రోజు కిటికీతో కొత్త రూల్ చేరిస్తే ఆ రకం ఈవెంట్లన్నీ రోజంతా కూర్చుంటాయి.

లెక్కగట్టలేని చోట్లూ ఉన్నాయి. ఆఫ్టర్‌కి పై హద్దు ఇవ్వకపోతే అది అనంతం. విండో లెంగ్త్‌ది కాలంతో సంబంధం లేని లెక్క, చివరి 10 ఈవెంట్లే చూస్తున్నా పాతవి సెషన్‌లోనే ఉంటాయి. ఇలాంటి రకాలకు ఎక్స్‌పైర్స్ చేత్తో రాయాల్సిందే.

పరీక్షకు సూడో క్లాక్ (చేత్తో జరిపే నకిలీ గడియారం) పెట్టి 31 నిమిషాలు ముందుకు జరపండి, ఫైర్ ఆల్ రూల్స్ పిలిచి ఫ్యాక్ట్ కౌంట్ చూడండి. క్లాక్ జరపడం మరిస్తే ఏ గడువూ తీరదు. కౌంట్ తగ్గినా హీప్ తగ్గకపోతే ఆ ఆబ్జెక్ట్‌లను మీ కోడ్‌లోనే ఏదో లిస్టో గ్లోబలో పట్టుకుని ఉండొచ్చు, హీప్ డంప్‌లో (మెమొరీ నకలులో) వెతకండి.