సైనిక వాహనాల అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో హలో సందేశాల వ్యవధి ఎంత పెట్టాలి?
నమస్కారం అండీ. ఎంటెక్ ప్రాజెక్టు కోసం, టవర్లు లేని చోట కదిలే సైనిక వాహనాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే (అడ్‌హాక్) నెట్‌వర్క్‌ను ఎన్ఎస్-3 అనే సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేట్ చేస్తున్నాను. రూటింగ్‌కు, అంటే ప్యాకెట్లు వెళ్లే దారి ఎంచుకోవడానికి, దారులను ముందే కనుక్కుని పట్టికలో ఉంచే ఓఎల్ఎస్ఆర్ ప్రోటోకాల్ వాడుతున్నా. అందులో మామూలుగా పక్క వాహనాలను గుర్తించే హలో సందేశం 2 సెకన్లకు, ఎవరు ఎవరితో కలిసి ఉన్నారో నెట్‌వర్క్ అంతటికీ తెలిపే టీసీ సందేశం 5 సెకన్లకు ఒకసారి వెళ్తాయి. వాహనాల వేగం పెరిగితే పట్టికలో పాత దారులే మిగిలి ప్యాకెట్లు పోతున్నాయి. వ్యవధి తగ్గిస్తే బ్యాండ్‌విడ్త్ అంతా వీటికే సరిపోతోంది. పైగా రేడియో ఎంత తరచుగా ప్రసారం చేస్తే శత్రువు మన చోటు పసిగట్టడం అంత తేలిక. నా అసలు టెన్షన్ ఇదే. అవసరమైనప్పుడే దారి వెతికే ఏఓడీవీ ప్రోటోకాల్‌కి మారితే మొదటి ప్యాకెట్ ఆలస్యమవుతుంది. అత్యవసర ఆదేశాలకు అది కుదరదు కదా!

వేగాన్ని బట్టి వ్యవధి దానంతటదే మారే పద్ధతి ఎవరైనా చేసి చూశారా? దళం కలిసికట్టుగా కదులుతుంది కాబట్టి ప్రతి వాహనమూ విడిగా ఎటు పడితే అటు కదిలే రాండమ్ వేపాయింట్ బదులు, అన్నీ గుంపుగా కదిలే గ్రూప్ మొబిలిటీ మోడల్ తీసుకోవడం సరైనదేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.