“వియన్నగాగ్ని”లో ఎన్ని అంకెలున్నాయి?

పావులూరి మల్లన గణితంలోదని చెప్పుకునే చదరంగం పద్యం మీలో కొందరికైనా నోటికి వచ్చే ఉంటుంది.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

మొదటి గడిలో ఒక గింజ, ఆపైన గడి గడికీ రెట్టింపు. 64 గళ్లూ నిండాక మొత్తం ఎంత అన్నది లెక్క. పద్యంలో ఒక్కో మాట ఒక్కో అంకెను చెబుతుంది (శర అంటే మన్మథుడి బాణాలు, 5; శశి అంటే చంద్రుడు, 1). నేను రాసుకుంటే 19 అంకెలే తేలుతున్నాయి, 20 రావాలి. ఎక్కడ మింగేశానో చెప్పండి. వియన్నగం అంటే ఆకాశంలో ఉండే కొండా?

— మీరు మింగింది సున్నా అండీ. వియత్ + నగ + అగ్ని. వియత్తు ఆకాశం కాబట్టి 0, నగం 7, అగ్ని 3. సంధిలో త కాస్తా న అయిపోయి కొండలో కలిసిపోయింది. నేనూ మొదటిసారి అక్కడే బోల్తా పడ్డాను. ఇప్పుడు చివరి మాట నుంచి వెనక్కి రాసుకుంటూ రండి: తుహినాంశుడు 1, కుంజరం 8, పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖాలు 4, పయోనిధి 4... మొత్తం 18446744073709551615. మన మాటల్లో 1,84,467 కోట్ల కోట్ల పైచిలుకు.

— నవశేషంతో, అంటే అంకెలన్నీ కూడి తొమ్మిదితో భాగించి సరిచూస్తే ఈ తప్పు దొరికేది కదా?

— దొరకదు. అంకెల మొత్తం 87, తొమ్మిదితో భాగిస్తే శేషం 6. సున్నా పోయినా అదే 87. రంధ్రం (9) పోతే మొత్తం 78, శేషం మళ్లీ ఆరే! కానీ రాసేవాడు “రంధ్ర” వదిలేస్తే చంపకమాల గణం అక్కడే కుంటుతుంది. చదివేవాడు సంధి విడదీయకపోతే మాత్రం ఛందస్సు కూడా ఏం చేయలేదు. ఐదుకి మొదట శర అని, అదే పాదంలో సాయక అనడం కూడా ఊరికే కాదు. సాయక పడింది పదకొండో అక్షరం దగ్గర, శకారానికి యతి కుదరాలి.

— మా ఆఫీసులో ఈ సంఖ్య కంప్యూటర్ లాగ్‌లలో (ప్రోగ్రాములు రాసుకునే చిట్టాల్లో) కనిపిస్తే టెన్షనే. 64 బిట్లలో (కంప్యూటర్ వాడే 0, 1 అంకెల్లో) ప్లస్, మైనస్ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇది. ఎవరో మైనస్ ఒకటిని గుర్తు పట్టని డబ్బాలో వేశారన్నమాట. ఇంతకీ ఇది ప్రధాన సంఖ్యా?

— చివర 5 ఉంది కదా, ఎలా అవుతుంది! 3, 5, 17, 257, 641, 65537, 6700417: ఈ ఏడూ గుణిస్తే వచ్చేది. 641, 6700417 కలిస్తే 2 ఘాతం 32 ప్లస్ 1. అది ప్రధానమేనని గణితజ్ఞుడు ఫెర్మా అనుకున్నాడు, కాదని 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ విడగొట్టి చూపించాడు.

నాకు ఒకటే సందేహం మిగిలింది. మిగతావన్నీ సంకేతాలే, “షట్క” ఒక్కటే బాహాటంగా ఆరు. “తర్క” పెట్టినా గణం చెడదు, రెండో పాదంలో వాడాడు కూడా. శరశశిషట్క అంటే చెవికి బాగుందనా?