అమ్మ మోకాలికి సగం మార్పిడా, మొత్తమా? ముగ్గురు డాక్టర్లు, మూడు మాటలు

తెనాలి_బుల్లోడు:
అమ్మకి 61 ఏళ్లు, 72 కిలోలు. కుడి మోకాలికి లోపలి వైపు నొప్పి, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. కాలు కాస్త దొడ్డికాలయింది. షుగర్ ఉంది, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8.4. ఎమ్మారైలో లోపలి వైపు గుజ్జు అరిగిందని, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తగా ఉండే గుజ్జు బిళ్ల) చిరిగిందని రాశారు. ఒక డాక్టరుగారు చిన్న రంధ్రాలు పెట్టి శుభ్రం చేస్తే చాలన్నారు. రెండో ఆయన అరిగిన లోపలి సగం మాత్రం మారిస్తే సరిపోతుందన్నారు. మూడో ఆయన మొత్తం మార్చాల్సిందే, రోబోతో చేస్తాం అన్నారు. కింద కూర్చుని పూజ చేసుకోవడం అమ్మకి ముఖ్యం. దేన్ని బట్టి తేల్చుకోవాలండీ?

ఎముకల_గూడు:
మొదటి సలహా పక్కన పెట్టేయండి. అరిగిన మోకాలిని ఆర్థ్రోస్కోపీతో, అంటే ఆ చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, కడిగితే లాభం లేదని 2002లోనే అమెరికాలో 180 మందితో చేసిన పరీక్షలో తేలింది. ఉత్తుత్తి కోత పెట్టి కుట్టేసినవాళ్లకీ, నిజంగా కడిగినవాళ్లకీ నొప్పిలో తేడా రాలేదు. ఈ వయసులో అరుగుదలతో పాటు మెనిస్కస్ చిరుగు కనపడటం మామూలే. మోకాలు చాపుకోలేనంతగా ఇరుక్కుపోతుంటే అది వేరే సంగతి.

ఇక సగమా, మొత్తమా అన్నది ముందుగా చెప్పేది ఎక్స్‌రే. ఎలా తీశారో చూడండి. పడుకోబెట్టి తీస్తే అరిగిన చోట కూడా సందు ఉన్నట్టే కనపడుతుంది. నిలబెట్టి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, చిప్ప కనపడేలా స్కైలైన్ ఒకటి, తుంటి నుంచి చీలమండ దాకా పొడవు ఫిల్మ్ ఒకటి కావాలి. వీటితో పాటు పిక్కను బయటికి నెట్టి పట్టుకుని తీసే వాల్గస్ స్ట్రెస్ ఫిల్మ్. చాలాచోట్ల అడిగితే గానీ ఇది తీయరు. అలా నెట్టినప్పుడు వంకర సరికావాలి, బయటి వైపు సందు నిండు మందంతో నిలవాలి. ఈ రెండూ ఉంటేనే సగం మార్పిడి మాట. పక్క ఫిల్మ్‌లో అరుగుదల ముందు, మధ్య భాగాల్లోనే ఆగితే మోకాలి మధ్యలో రెండు ఎముకల్నీ పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ బాగున్నట్టు; వెనక అంచుదాకా పోతే దాదాపు పోయినట్టే. మోకాలు చాపినప్పుడు 15 డిగ్రీలకు మించి వంపు మిగిలిపోయినా, రుమటాయిడ్ వాతం ఉన్నా సగం మార్పిడి వద్దు.

మన్నిక మాటకొస్తే, 2019లో పలు దేశాల రిజిస్ట్రీ (ఆపరేషన్ల నమోదు) లెక్కలు కలిపి చూస్తే 25 ఏళ్లకు మొత్తం మార్చినవి వందకు 82, సగం మార్చినవి 70 నిలిచాయి. అయితే సగం మార్చినదాన్ని మళ్లీ మార్చడం తేలిక కాబట్టి కాస్త నొప్పి రాగానే మార్చేస్తారు, ఆ 70లో అదీ ఉంది. మీ సర్జన్‌ని ఒక్కటి అడగండి: మీరు చేసే మోకాళ్లలో సగం మార్పిడులు ఎన్ని? ఐదో వంతు కూడా లేకపోతే ఆ చేతికి అది అలవాటు లేదని అర్థం.

సీమ_రైతు:
ఇదే సమస్య 46 ఏళ్ల వ్యవసాయం మనిషికైతే?

ఎముకల_గూడు:
అప్పుడు ఆస్టియోటమీ, అంటే కాలి వంకర సరిచేయడం. ముంగాలి ఎముక పైభాగాన్ని లోపలి నుంచి కోసి, చీలికలా తెరిచి, ప్లేటూ స్క్రూలూ వేస్తారు. బరువు గీత అరగని వైపుకి మళ్లుతుంది. బయటి అంచున సుమారు సెంటీమీటరు ఎముక కోయకుండా వదలాలి. తెరిచేటప్పుడు అది చిట్లితే అతుకు ఆలస్యం. బీడీ, సిగరెట్ మానకపోయినా అంతే. ఆరు వారాలు చంకకర్రలు, పొలం పనికి నాలుగైదు నెలలు. సొంత మోకాలు కాబట్టి తర్వాత బరువు మోసినా కృత్రిమ మోకాలిలోలా ప్లాస్టిక్ అరుగుతుందన్న భయం లేదు.

ఫిజియో_చెయ్యి:
తెనాలి గారూ, ఏ ఆపరేషన్ అయినా 8.4తో వెళ్లకండి. చాలామంది సర్జన్లు 7.5 నుంచి 8 లోపు తెమ్మంటారు. షుగర్ ఎక్కువుంటే చీము పట్టే ప్రమాదం ఎక్కువ, అలా పట్టిన మోకాలికి రెండు మూడు ఆపరేషన్లు పడతాయి. పుచ్చుపళ్ల నుంచీ చీము రావొచ్చు, అవీ ముందే చూపించండి.

కింద కూర్చోవడం గురించి: సగం మార్పిడిలో వంపు ఎక్కువ వస్తుంది. కానీ అందులో ప్లాస్టిక్ ముక్క కదిలే రకమైతే, బాసింపట్టు వేసి లోతుగా వంచినప్పుడు ఆ ముక్క పక్కకి జారే ప్రమాదం ఉంది. అమ్మగారు కూర్చునే పద్ధతి సర్జన్‌కి ముందే చెప్పి, బిగించిన రకం సరిపోతుందేమో అడగండి. మొత్తం మార్పిడిలో రెండు వారాలకు 90 డిగ్రీలు, ఆరు వారాలకు 110 రావాలి. ఆరు వారాలకు 90 కూడా రాకపోతే వెంటనే చెప్పాలి. మత్తిచ్చి వంచడం మూడు నెలల లోపైతేనే బాగా పనిచేస్తుంది. రాత్రి మోకాలి కింద దిండు పెట్టనివ్వకండి, హాయిగా ఉంటుంది కానీ కాలు వంపుగానే బిగుసుకుపోతుంది.

బిల్లు_చూడు:
రోబో ఎముకను కొలత ప్రకారం కోస్తుంది, అంతవరకు నిజం. మోకాలు ఎక్కువ కాలం నిలుస్తుందన్న రుజువు మాత్రం ఇంకా లేదు. బంగారు రంగు మోకాలు అని అమ్మేది ఒక పూత. నికెల్ ఎలర్జీ ఉన్నవాళ్లకి పనికొస్తుంది, మిగతావాళ్లకి రంగే. ఇంప్లాంట్ ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. కోబాల్ట్ క్రోమ్ అనే లోహంతో చేసిన రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, పన్ను అదనం. తర్వాత సవరణలు వచ్చాయి, ఇప్పటి రేటు అడగండి. డిశ్చార్జి కాగితాలకు ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించమనండి, పదేళ్ల తర్వాత మార్చాల్సి వస్తే కంపెనీ, సైజు వాటిలోనే దొరుకుతాయి.

తెనాలి_బుల్లోడు:
ఫిల్ములు చూశాను, పడుకోబెట్టి తీసినవే. ఎమ్మారైలో ఏసీఎల్ బాగుందనే ఉంది. ఇక సగమే అనుకోవచ్చా?

ఎముకల_గూడు:
ఇంకా కాదు. స్ట్రెస్ ఫిల్మ్ రావాలి. అది బాగున్నా చివరి మాట మోకాలు తెరిచి ఏసీఎల్‌ను లాగి చూశాకే. అందుకే సంతకం పెట్టే కాగితంలో "సగం మార్పిడి, అవసరమైతే మొత్తం" అని రాయించండి. ఆ రోజు థియేటర్లో రెండు సెట్లూ సిద్ధంగా ఉంటాయా అని ముందురోజే కనుక్కోండి.