జమ్ము గడ్డిలో దూరే ఈ పిట్ట ప్రినియానా, వార్బ్లరా?

హైదరాబాద్ అమీన్‌పూర్ చెరువు గట్టున, జమ్ములో ఒక చిన్న గోధుమరంగు పిట్ట తిరుగుతోంది. పిచ్చుక కంటే సన్నం. ముక్కు సన్నగా, కాస్త పొడుగ్గా ఉంది. కంటి మీది లేత గీత కన్ను దాటకుండానే ఆగిపోతోంది. ఒంటి మీద చారల్లేవు. తోక మరీ పొడుగు కాదు కాబట్టి ప్రినియా కాదేమో. "చక్ చక్" అని అరుస్తూనే ఉంటుంది, బయటికి మాత్రం రాదు! చలికాలం వలస వచ్చే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనుకోవచ్చా? బూటెడ్ వార్బ్లర్‌తో తేడా ఎలా పట్టాలి?

ఇంకోటి, దీన్ని ఫోటో తీయడానికి నాది 300 ఎంఎం లెన్స్. సింగిల్ పాయింట్ (ఒక్క చోటే ఫోకస్ చేసే పద్ధతి) పెట్టినా ఫోకస్ ముందున్న గడ్డి మీదే పడుతోంది. షటర్ వేగం 1/1000 సెకను పెడితే నీడలో ఐఎస్ఓ (కెమెరా కాంతికి స్పందించే స్థాయి) 3200 దాటి ఈకల వివరాలు పోతున్నాయి. మాన్యువల్ ఫోకస్ నయమా? పిట్ట కూత రికార్డింగ్ పెట్టి పిలవమని మాత్రం చెప్పకండి, దాన్ని అలా ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.