షుగరు వచ్చాక మొదటి క్రిస్మస్: అరిసెలు, పలావు, ప్రేమవిందు ఎలా తినాలి?

విజయనగరం కోడలు:

అందరికీ వందనాలు. నాకు 51 ఏళ్లు. కిందటి ఏప్రిల్‌లో టైప్ 2 మధుమేహం ఉన్నట్టు తేలింది. అప్పుడు హెచ్‌బీఏ1సీ (సగటు షుగరును చెప్పే రక్తపరీక్ష) 9.1 ఉండేది, మందులు, ఉదయపు నడక, రాత్రిపూట అన్నం మానడం వల్ల అక్టోబరు నాటికి 7.2కు దిగింది. పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రి మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటున్నాను.

మా ఇంట్లో డిసెంబరు 20 వచ్చేసరికి పిండివంటలు మొదలవుతాయి. పాకం చూసేది అత్తగారు, అరిసెలు ఒత్తేది నేను. అరిసెలు, పాకుండలు, గవ్వలు, గులాబీ పువ్వులు డబ్బాలకెత్తి, సగం ఇరుగుపొరుగు ఇళ్లకు పంపుతాం. సంక్రాంతికి వాళ్ల ఇళ్ల నుంచి మాకు వస్తాయి. 24 రాత్రి ఆరాధన, 25న ఇంట్లో కోడికూర, పలావు, మర్నాడు మా చర్చి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు, 31 రాత్రి మళ్లీ ఆరాధన, ఆ తర్వాత కొత్త సంవత్సరం కేకు. వీటిలో ఏ ఒక్కటీ నాకు పరాయిది కాదు. పెళ్లయిన నాటి నుంచి నా చేతుల మీదుగా జరుగుతున్న పండుగ ఇది.

మొన్న ఆదివారం సంఘంలో సెమీ క్రిస్మస్, అంటే పండుగకు ముందు జరిపే వేడుక, జరిగింది. ఒక కేకు ముక్క, రెండు అరిసెలు, వడ్డించినంత పలావు తిన్నాను. రెండు గంటల తర్వాత గ్లూకోమీటరులో 271 చూసి, ఎనిమిది నెలల శ్రమ ఒక్క పూటలో పోయిందని ఏడ్చాను. ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. బెల్లమే కదా, పంచదార కాదు కదా అంటారు మావారు. ఆ రోజుకి ఇంకో మాత్ర ఎక్కువ వేసుకోమంటుంది ఆడపడుచు. అసలేమీ ముట్టుకోవద్దంటాడు అబ్బాయి. నాకైతే 24న పగలంతా ఉపవాసం ఉండి, ఆరాధన అయ్యాక నిశ్చింతగా తింటే సరిపోతుందేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

నాగావళి ఒడ్డు:

అమ్మా, నేను శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ముందుగా మీ ఉపవాసం ఆలోచన గురించే చెప్తాను, ఎందుకంటే ఇందులో నన్ను భయపెట్టింది కేకు కాదు, అదే. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మీరు తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. పొద్దున ఆ మాత్ర వేసుకొని పగలంతా కడుపు మాడ్చుకుంటే, సాయంత్రానికో, ఆరాధనలో పాటకు లేచి నిలబడ్డప్పుడో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇలా జరగడం అరుదు, మీరు వాడుతున్నది ఒక్కటే కాదు. ఉపవాస ప్రార్థనలో ఉండాలన్న కోరిక బలంగా ఉంటే ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి, ఆ రోజు మాత్ర ఎలా వాడాలో అడగండి. మీ అంతట మీరు మానేయవద్దు, మీ ఆడపడుచు గారు చెప్పినట్టు అదనంగా వేసుకోనూ వద్దు. ఎక్కువ వేసుకున్న మాత్ర ఎప్పుడు, ఎంత కిందికి లాగుతుందో మీరు చెప్పలేరు.

ఎందుకైనా మంచిది, చేతిసంచిలో గ్లూకోజు పొడి ఉంచుకోండి. షుగరు 70 కంటే తక్కువకు దిగితే 15 గ్రాముల గ్లూకోజు, అది లేకపోతే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. కుదుటపడ్డాక కొంచెం తిండి తినాలి. ఇలాంటి సమయంలో చాలామంది చేతికందిన అరిసెనో కేకునో నోట్లో పెట్టేస్తారు. వాటిలోని నూనె, వెన్న వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అప్పటికప్పుడు ఆదుకోవు.

బెల్లం విషయంలో మీవారిని నొప్పించాలని కాదు గానీ, మన అనకాపల్లి బెల్లమైనా మిల్లు పంచదారైనా అధికభాగం సుక్రోజే, షుగరును పెంచడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేనెను కూడా ఆ వరుసలోనే లెక్కించండి.

ఇక ఆ 271 గురించి. హెచ్‌బీఏ1సీ చెప్పేది రెండు మూడు నెలల సగటును. ఒక్క పూట పెరిగిన అంకె మీ ఎనిమిది నెలల శ్రమను తుడిచెయ్యలేదు. చాలామంది వయోజనులకు పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండేలా చూడమంటారు. మీ వయసును, ఇతర జబ్బులను బట్టి మీ డాక్టరు వేరే హద్దు చెప్పి ఉంటే దాన్నే పాటించండి. ఆ రోజు మీటరు చూసుకున్నందుకు నేను మిమ్మల్ని అభినందిస్తున్నాను. పండుగ రోజుల్లో మీటరును బీరువాలో పెట్టి తాళం వేసేవారిని ఎంతోమందిని చూశాను.

పలాస బాబాయి:

నాకు షుగరు వచ్చి 14 ఏళ్లు. ఇన్నేళ్లలో క్రిస్మస్ రోజు భోజనం నన్ను దెబ్బతీయలేదు. దానికి ముందూ వెనకా ఉన్న మూడు నాలుగు వారాలే దెబ్బతీశాయి. ఆఫీసులో ఒక సెమీ క్రిస్మస్, పిల్లల బడిలో ఇంకొకటి, మా సంఘంలో ఒకటి, పక్క సంఘంవాళ్లు పిలిస్తే మరొకటి. ప్రతి చోటా కేకు కోస్తారు, ప్రతి చోటా ఒక ముక్క చేతిలో పెడతారు. క్యారల్స్‌కు తిరిగిన రాత్రి ఆరేడు ఇళ్లలో చక్కెర టీ, గులాబీ పువ్వులు. ఇంటికొస్తే హాల్లో పిండివంటల డబ్బాలు. అవి అయిపోకముందే సంక్రాంతి. జనవరి నెలాఖరులో రక్తపరీక్ష చేయించుకొని, నేను పండుగ రోజు అంత తినలేదే అని ఏటా ఆశ్చర్యపోయేవాడిని.

కారణం తెలిశాక నేను రెండు పద్ధతులు పెట్టుకున్నాను. డబ్బా దగ్గర నిలబడి ఏదీ తినను. తినాలనిపించింది పళ్లెంలో పెట్టుకొని, భోజనం చివర, కూర్చొని తింటాను. రోజుకు ఒక్క తీపి మాత్రమే, అది కూడా నాకు నిజంగా ఇష్టమైనది. నాకు ప్లం కేకు మీద మోజు లేదు, కాబట్టి డిసెంబరంతా కేకు ముక్కలను పక్కనున్న పిల్లలకు ఇచ్చేస్తాను. పాకుండలంటే ప్రాణం, అది మాత్రం వదులుకోను. క్యారల్స్‌లో టీ చక్కెర లేకుండా ఇమ్మని ముందే చెప్తాను, ఎవరూ తప్పు పట్టలేదు.

మా జీడిపప్పు గురించి కూడా ఒక మాట. ఒక చిన్న గుప్పెడు తింటే షుగరు అంతగా పెరగదు, ఆకలీ ఆగుతుంది. అయితే కొవ్వు ఎక్కువ కాబట్టి గుప్పెడు దగ్గరే ఆపాలి. మరొకటి, మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో బాధపడేవారు చాలామంది ఉన్నారు. అన్నం తగ్గించి మాంసం ఎక్కువ తినమనే సలహా అందరికీ పనికిరాదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును చూపే రక్తపరీక్ష అంకె) పెరిగినవారు మాంసమెంత, పప్పెంత అన్నది డాక్టరును అడిగే తినాలి. మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలతో షుగరు పడిపోయే ప్రమాదం కూడా ఎక్కువ.

చోడి అంబలి:

అక్కా, నేను వంటింటి వైపు నుంచి చెప్తాను. మా అమ్మకు షుగరు వచ్చిన ఏడాది మా ఇంటి అరిసెను తూకం వేశాను. ఒక్కొక్కటి 50 గ్రాములు ఉంది. బియ్యప్పిండి, బెల్లం కలిపి అందులో దాదాపు 35 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక కప్పు అన్నంలో ఉండేది 45 గ్రాములు. అంటే ఆ ఆదివారం మీరు తిన్న రెండు అరిసెలే కప్పున్నర అన్నం. పలావు, కేకు దానిమీద. మీ మీటరు అబద్ధం చెప్పలేదు.

బెల్లం బదులు తియ్యదనం బిళ్లలు వేసి అరిసెలు చేద్దామని నేనూ ప్రయత్నించాను. పాకం రాదు, ముద్ద విడిపోతుంది, పైగా బియ్యప్పిండి ఎలాగూ ఉండనే ఉంటుంది. షుగర్‌ఫ్రీ అని రాసి అమ్మే ప్లం కేకులోనూ మైదా ఉంటుంది, కిస్‌మిస్‌లు ఉంటాయి. కిస్‌మిస్ బరువులో నాలుగింట మూడు వంతులు పిండిపదార్థమే, అందులోనూ ఎక్కువ భాగం చక్కెరే. అందుకని రుచిని పాడుచేయకుండా పరిమాణాన్ని తగ్గించాను. అదే పాకం, అదే నువ్వులు, కానీ 20 గ్రాముల చిట్టి అరిసెలు. మీ అత్తగారితో తినను అని చెప్పకండి, నాకోసం చిన్నవి నాలుగు ఒత్తుదాం అని అడగండి. వద్దన్నందుకు చిన్నబుచ్చుకునే పెద్దవాళ్లు, అడిగి చేయించుకుంటే సంతోషిస్తారు.

25న పళ్లెంలో ముందు కూరలు పడాలి. ఈ రోజుల్లో చిక్కుడుకాయలు లేతగా దొరుకుతాయి, అరటికాయ ఆవపెట్టి వండవచ్చు, ఆనపకాయ పెరుగుపచ్చడి చేయవచ్చు. ఆ కూరలు, కోడికూర ముక్కలు తినడం మొదలుపెట్టి, పలావు చివర తింటే షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. పలావు ఒక కప్పు కొలిచి పెట్టుకోండి. ఆ పూట చిట్టి అరిసె కావాలంటే పలావు ఆ మేరకు తగ్గించండి. నెయ్యి, నూనె ఎక్కువున్న భోజనం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి రెండు గంటలకు బాగానే ఉన్న అంకె ఆ తర్వాత పెరగవచ్చు. నాలుగు గంటలకు మరోసారి చూసుకోండి. తిన్నాక మంచమెక్కకుండా పావుగంట నడవండి, కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి. ప్రేమవిందులో మాత్రం కొలతలు కుదరవు. మేం అక్కడ అమ్మను వడ్డనలో నిలబెట్టేవాళ్లం. ఆఖరి బంతిలో తనకు కావలసినంతే తనే వడ్డించుకునేది. కానీ ఆఖరి బంతి ఆలస్యమవుతుంది, మీరు వాడేది గ్లిమెపిరైడ్ కాబట్టి మీరు మొదటి బంతిలోనే కూర్చోండి.

విజయనగరం కోడలు:

మీ ముగ్గురికీ హృదయపూర్వక వందనాలు. నిన్న డాక్టరు గారిని కలిశాను. ఉపవాసం వద్దన్నారు, 24న మూడు పూటలా వేళకు తిని, రాత్రి 8కి మామూలు భోజనం చేసి ఆరాధనకు వెళ్లమన్నారు, మాత్రల్లో మార్పు అక్కర్లేదన్నారు. అది విన్నాక మావారు, ఆడపడుచు మరేమీ అనలేదు.

అత్తగారిని అడగడానికి రెండు రోజులు తటపటాయించాను. అడిగితే ఆవిడ పాత ఇత్తడి గిన్నె మూత ఒకటి వెతికి తెచ్చి, ఈ కొలతకు ఒత్తు, నాకూ పెద్దవి అరగడం లేదు అన్నారు. ఈ పొద్దున ఒక వాయి వేశాం. మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర, చేపల పులుసు, ఒక చిన్న కప్పు అన్నం తిని, చివర ఒక చిట్టి అరిసె తిని, కోట చుట్టూ నడిచి వచ్చాను. రెండు గంటలకు 166, నాలుగు గంటలకు 149. ప్రేమవిందులో మొదటి బంతికి పిలవమని సంఘపెద్దగారికి చెప్పి ఉంచాను.

నాగావళి ఒడ్డు:

చాలా సంతోషం అమ్మా. ఆ రెండు అంకెలూ తేదీ వేసి రాసిపెట్టుకోండి, 25 నాటివి, ప్రేమవిందు నాటివి కూడా పక్కనే రాయండి. జనవరిలో డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకువెళ్లండి.