మేజర్ లిటిల్‌ఫీల్డ్ బ్యాంకు గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో పశువుల వ్యాపారిగా, బ్యాంకరుగా పేరుపడ్డ జార్జ్ వాషింగ్టన్ లిటిల్‌ఫీల్డ్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీలో చదివిన మనవాళ్ళకి ఆ పేరుతో ఉన్న ఫౌంటెన్ తెలిసే ఉంటుంది.

1842లో మిసిసిపిలో పుట్టి, చిన్నప్పుడే టెక్సాస్ వచ్చాడు. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) పక్షాన ఎనిమిదో టెక్సాస్ అశ్వికదళంలో పోరాడాడు. 1863 చివర్లో టెనెసీలో తీవ్రంగా గాయపడి, మేజర్ హోదాతో ఇంటికి చేరాడు. బానిసల శ్రమ మీద నడిచిన తోటల కుటుంబం వాళ్ళది. యుద్ధం తర్వాత పంటలు దెబ్బతిని అప్పులపాలై, 1871లో పశువుల్ని కాన్సస్ దాకా తోలించి అమ్మి గట్టెక్కాడు. ఆ పశువుల డబ్బే 1890లో ఆస్టిన్‌లో ఆయన పెట్టిన అమెరికన్ నేషనల్ బ్యాంకుకి దారి తీసింది. ఇదంతా దొరికింది. యూనివర్సిటీకి ఇచ్చిన విరాళాలు, దక్షిణాది చరిత్ర కోసం పెట్టిన నిధి గురించి కూడా బోలెడు సమాచారం ఉంది.

బ్యాంకరుగా ఆయన రోజువారీ పనే అంతుచిక్కడం లేదు. అప్పట్లో పశువుల్ని తాకట్టు పెట్టుకుని అప్పు ఎలా ఇచ్చేవాళ్ళు? మంద కరువులో చచ్చిపోతే నష్టం ఎవరిది? నల్లజాతి రైతులకి ఇలాంటి బ్యాంకుల్లో అప్పు పుట్టేదా? పాత లెడ్జర్లు, ఉత్తరాలు చూడాలంటే ఆస్టిన్‌లో ఏ ఆర్కైవ్‌ని అడగాలి? నేను హైదరాబాద్‌లో ఉంటాను, స్కాన్ కాపీలు దొరికినా చాలు. యూనివర్సిటీలో కాన్ఫెడరేట్ నాయకుల విగ్రహాలు తీసేసిన గొడవ గురించి లింకులు వద్దండీ, అవి చాలానే చదివాను.