కుడిది చెడగ నెడమ కుంటువడియె: ఈ వారం పూరణలు

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి: "కుడిది చెడగ నెడమ కుంటువడియె." ఇచ్చింది మన చిత్తూరు అన్న. ఆయన పాత ఎస్టీమ్ కారులో అలిపిరి తనిఖీ దగ్గర ఎడమ అద్దం దించారు. దిగింది కానీ మళ్లీ ఎక్కలేదు. ఘాట్ రోడ్డు పొడుగునా వాన. డ్రైవరు వైపు కుడి అద్దం మాత్రం చక్కగా ఆడుతోంది. అయినా దోషం చివరికి కుడి తలుపులోనే దొరికింది. పూరణ కారు మీదే ఉండాలని లేదు.

రేణిగుంట తమ్ముడు:

ఫ్యూజు కాలిపోయి పూర్తిగా నాగెను
తలుపులోని చిన్న మోటరిపుడు
సీటు తడిసిపోయెఁ జినుకుల ధారకు
కుడిది చెడగ నెడమ కుంటువడియె.

చంద్రగిరి మాస్టారు: మూడో పాదం బాగుంది నాయనా. సీ, జి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని నిర్ణీత అక్షరంతో పొత్తు) సరిపోయింది. రెండో పాదంలో 'త'కు 'మో'తో మైత్రి లేదు. 'మూలనున్న చిన్న మోటరిపుడు' అంటే గణాలు (గురులఘువుల లెక్క) చెడవు, యతీ కుదురుతుంది. అంతకంటే పెద్ద చిక్కు విషయంలో ఉంది. ఫ్యూజు పోతే డ్రైవరు అద్దం కూడా ఆగాలి కదా? అది ఆడుతోందని సమస్య ఇచ్చేటప్పుడే చెప్పారు. పైగా నీ పద్యంలో చెడిన 'కుడిది' ఏదో తెలియడం లేదు.

పాకాల అక్క:

కాడి లాగు జోడు కడుఁ బాయరానిది
వలపటెద్దు గుంటఁ బడిన యంత
దాపటెద్దు మొగ్గె దాని భారము తోడ
కుడిది చెడగ నెడమ కుంటువడియె.

చంద్రగిరి మాస్టారు: అమ్మా, వలపట (కుడి), దాపట (ఎడమ) అనే మాటలు పద్యంలో చూసి చాలా కాలమైంది. రెండో పాదంలో వ, బ యతి సలక్షణం. కాడి ఒకటే కాబట్టి ఒక ఎద్దు పడితే రెండోది ఒరగక తప్పదు. సమస్యలోని వింత దానంతటదే విడిపోయింది.

పుత్తూరు అన్న (కార్ల ఎలక్ట్రీషియన్):

నడుపువాని మీట నలుపెక్కి మాడగ
నెర్తు దారి లేక యెడమ వైపు
గాజు పైకి రాక గతిచెడి నిలిచెను
కుడిది చెడగ నెడమ కుంటువడియె.

రేణిగుంట తమ్ముడు: అన్నా, ఎడమ తలుపుకి దాని స్విచ్ దానికే ఉంది కదా. కుడివైపు మీటతో ఏం పని?

పుత్తూరు అన్న: అక్కడే ఉంది కిటుకు. ఈ రకం వైరింగులో మోటరుకి వెళ్లే తీగలు రెండూ మామూలప్పుడు ఎర్తులోనే, అంటే బ్యాటరీ మైనస్‌కి కలిసే ఉంటాయి. స్విచ్ నొక్కితే ఒకదానికి 12 వోల్టులు వస్తాయి, రెండోది ఎర్తులోనే ఉండిపోతుంది. దిగడానికి ఒక తీగకి, ఎక్కడానికి ఇంకో తీగకి ప్లస్ ఇస్తారు. ఎడమ తలుపు స్విచ్‌కి ఆ ఎర్తు వచ్చేది డ్రైవరు దగ్గరి మాస్టర్ స్విచ్ గుండానే. అందులో ఒక కాంటాక్టు మసిబారితే అద్దం దిగుతుంది, ఎక్కదు. చాలామంది తొందరపడి మోటరు కొనేస్తారు, డబ్బు దండగ. ముందు మోటరు కనెక్టరు ఊడదీయాలి. లేకపోతే కాయిల్ గుండా ఎర్తు వచ్చి తప్పుదారి పట్టిస్తుంది. టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, రెండో కొస కారు వైపు తీగలకి ఒక్కొక్కదానికే తాకించాలి. స్విచ్ నొక్కకుండా రెండింటికీ దీపం వెలగాలి. వెలగని తీగది స్విచ్ లోపమైనా కావచ్చు, తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో తెగిందైనా కావచ్చు. తలుపు తీసి వేసినప్పుడల్లా తీగలు అక్కడే నలుగుతాయి.

చిత్తూరు అన్న: నా కారులో స్విచ్‌దే లోపం. విప్పి, కాంటాక్టులు సన్న ఎమరీతో రుద్ది, క్లీనర్ కొట్టాక అద్దం ఎక్కింది.

చంద్రగిరి మాస్టారు: 'ఎర్తు' అన్యదేశ్యమని (పరభాషా పదమని) నేను తీసేయను. షెడ్డులో అందరూ అనే మాట, పద్యంలోనూ ఒదిగింది. 'మాడగన్ + ఎర్తు' కలిసి 'మాడగ నెర్తు' అయింది, ద్రుతసంధి. 'నె'లోని ఎకారానికి 'యెడమ'లోని ఎకారంతో స్వరయతి.

నిర్వాహకుడు: నా ఓటు పుత్తూరు పద్యానికి. ఎద్దుల పద్యానికి ధార ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఎడమ ఎందుకు కుంటుపడిందో ఒక్క 'ఎర్తు'తో తేల్చింది ఇదే. తమ్ముడూ, మాస్టారు చెప్పిన సవరణతో పాటు 'కుడిది' ఏదో తెలిసేలా మొదటి పాదం కూడా తిరగరాసి పంపు, రేపు మళ్లీ చూద్దాం.